పగలు పస్తు, రాత్రి ఆబ: టీనేజ్ పిల్లల్లో బింజ్ ఈటింగ్ ఎక్కడ మొదలవుతుంది

టీనేజ్ అమ్మాయి ఒళ్లు చేస్తోందని అందరికంటే ముందు గమనించేది ఇంట్లోవాళ్లే. అదే అమ్మాయి రాత్రి పదకొండు దాటాక వంటింట్లో లైటు వేయకుండా ఏం తింటోందో అందరికంటే ఆలస్యంగా తెలిసేదీ వాళ్లకే. బిస్కెట్ ప్యాకెట్లు ఉన్నట్టుండి ఖాళీ అవుతుంటాయి, పాలలో కలుపుకునే పొడి డబ్బా పది రోజులకే అడుగంటుతుంది, రాత్రి మిగిలిన అన్నం పొద్దున్నకి గిన్నెలో ఉండదు, పరుపు కింద చిప్స్ కవర్లు చిన్నగా మడిచి దాచిపెట్టి కనిపిస్తాయి. దీనికి ఇంట్లో దొరికే పేరు తిండియావ. ఇంట్లో దొరికే వైద్యం మొదట తిట్లు, ఆ తర్వాత డైటింగ్. వైద్యులు బింజ్ ఈటింగ్ అని పిలిచే ఈ స్థితికి దారితీసే కారణాల్లో ఆ తిట్లూ ఆ డైటింగూ కూడా ఉన్నాయని, అవి చిన్న కారణాలేమీ కావని పరిశోధనలు పాతికేళ్లకు పైగా చెబుతున్నా, ఆ మాట విశాఖపట్నంలాంటి నగరంలో కూడా చాలా ఇళ్లకు ఇంకా చేరలేదు.

ముందుగా దేన్ని బింజ్ ఈటింగ్ అనాలో స్పష్టం చేసుకోవాలి. ఊబకాయం ఉన్న కొందరిలో కనిపించే ఈ తీరును అమెరికన్ మనోవైద్యుడు ఆల్బర్ట్ స్టంకార్డ్ 1959లోనే వర్ణించినా, దానికి స్వతంత్ర రుగ్మతగా గుర్తింపు దక్కింది 2013లో వెలువడిన డీఎస్ఎం-5తోనే. మానసిక రుగ్మతల నిర్ధారణకు అమెరికన్ మనోవైద్యుల సంఘం ప్రచురించే గ్రంథం అది. 2022 నుంచి అమల్లో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల వర్గీకరణ ఐసీడీ-11లోనూ ఈ రుగ్మత ఉంది. డీఎస్ఎం ప్రకారం, రెండు గంటల్లోపు లాంటి పరిమిత సమయంలో, అదే పరిస్థితిలో మరొకరు తినగలిగేదానికంటే స్పష్టంగా ఎక్కువ తినడం, తింటున్నంతసేపూ ‘ఆపాలన్నా ఆపలేకపోతున్నాను’ అన్న భావన ఉండటం ఇందులో ప్రధానం. ఆకలి లేకపోయినా తినడం, వేగంగా మింగేయడం, కడుపు నొప్పి పుట్టేదాకా తినడం, సిగ్గుతో ఒంటరిగా తినడం, తిన్న తర్వాత తనమీద తనకే అసహ్యం కలగడం వంటి ఐదు లక్షణాల్లో కనీసం మూడు ఉండాలి. ఇది వారానికి ఒకసారైనా చొప్పున మూడు నెలలు సాగాలి. తిన్నది బయటికి పోగొట్టడానికి క్రమం తప్పకుండా వాంతి చేసుకోవడమో, విరేచనాల మాత్రలు వాడటమో ఉంటే అది బులీమియా అనే మరో తిండి రుగ్మత కిందికి వస్తుంది. చిన్న వయసు పిల్లల్లో ఎంత తిన్నారన్న కొలతకంటే, అదుపు తప్పిందన్న భావనే ముఖ్యమైన ఆనవాలని ఈ రంగంలో పనిచేసేవారు భావిస్తారు.

ఈ నిర్వచనం ఎందుకు అవసరమంటే, ఎదిగే వయసు ఆకలిని జబ్బుగా పొరబడే ప్రమాదం కూడా ఉంది. పద్నాలుగు, పదిహేనేళ్ల కుర్రాడు ఏడాదిలో బారెడు పొడుగెదిగే రోజుల్లో మూడుసార్లు మారు వడ్డించుకుని, గంట తిరక్కుండా మళ్లీ ‘ఏమైనా ఉందా’ అని అడిగితే అది ఆరోగ్యమే. పెళ్లి భోజనంలోనో, సంక్రాంతి నాడు అరిసెల డబ్బా దగ్గరో మోతాదు మించడం కూడా బింజ్ ఈటింగ్ కాదు. నలుగురిలో కూర్చుని, సంతోషంగా, రుచి తెలుస్తూ తిన్నదానికీ, ఎవరూ చూడకుండా, రుచి కూడా పట్టించుకోకుండా గబగబా మింగినదానికీ ఉన్న తేడాను గమనించడం తల్లిదండ్రులకు కష్టమేమీ కాదు. కష్టమల్లా ఆ రెండోది కంటపడకపోవడమే.

ఇక కారణాల్లోకి వస్తే, అన్నిటికంటే గట్టి ఆధారాలున్న కారణాల్లో ఒకటి, అందరూ మంచి అలవాటుగా భావించేది: కడుపు మాడ్చుకోవడం. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో, 1944–45లో, మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఏన్సెల్ కీస్ బృందం 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు, వారి సమ్మతితోనే, దాదాపు ఆరు నెలలు సగం తిండి పెట్టి చూసింది. యుద్ధంలో ఆకలితో మాడినవారికి మళ్లీ ఎలా తిండి పెట్టాలో తెలుసుకోవడం వారి ఉద్దేశం. ఆ యువకులు శరీర బరువులో పావు వంతు కోల్పోయారు. అంతకంటే ముఖ్యంగా, తిండి తప్ప వేరే ధ్యాస లేనివారయ్యారు, వంటల పుస్తకాలు ముందేసుకుని గంటలు గడిపారు, ఆంక్షలు తీసేశాక కొందరు ఎంత తిన్నా కడుపు నిండిన భావన లేక తింటూనే పోయారు. వాళ్లెవరికీ అంతకుముందు తిండి సమస్య లేదు. శరీరం కరువును గుర్తుపెట్టుకుని, తిండి దొరకగానే ఆ లోటు పూడ్చుకుంటుందన్నది ఆ ప్రయోగం చూపిన విషయం. ‘మనసును అదుపులో పెట్టుకో’ అని పిల్లలకు చెప్పే ముందు, ఆ మనసును నడిపే ఆకలి ఎంత బలమైనదో పెద్దలు తెలుసుకోవాలి.

టీనేజ్ పిల్లల మీద జరిగిన అధ్యయనాలు ఇదే దిశలో సాగాయి. 2002లో ప్రచురితమైన ఒక అమెరికన్ అధ్యయనం 231 మంది అమ్మాయిలను రెండేళ్లపాటు గమనించింది. కొత్తగా బింజ్ ఈటింగ్ మొదలైనవారిలో ముందునుంచే డైటింగ్, సన్నగా ఉండాలన్న ఒత్తిడి, శరీరం పట్ల అసంతృప్తి, కుంగుబాటు, బాధ కలిగితే తినే అలవాటు, చెప్పుకునే తోడు లేకపోవడం వంటివి ఎక్కువగా కనిపించాయి. మిన్నెసోటాలోనే 1998–99లో మొదలై వేల మంది విద్యార్థులను ఏళ్ల తరబడి గమనించిన మరో అధ్యయనంలో, డైటింగ్ చేసిన పిల్లలు ఐదేళ్ల తర్వాత బింజ్ ఈటింగ్ బారిన పడే అవకాశం మిగతావారికంటే ఎక్కువని, పైగా వారి బరువు తగ్గకపోగా పెరిగిందని తేలింది. పొద్దున టిఫిన్ మానేసి, మధ్యాహ్నం రెండు చపాతీలతో సరిపెట్టుకుని, సాయంత్రానికి ఆకలి కళ్లలోకి వచ్చిన పిల్ల ముందు ఒక లడ్డూ కనిపిస్తే జరిగేది ఊహించడం కష్టం కాదు. ఆ లడ్డూతో నియమం తప్పుతుంది. ‘ఎలాగూ తినేశాను కదా, ఇంక ఎంత తింటే ఏం, రేపటి నుంచి మళ్లీ మొదలుపెడదాం’ అన్న ఆలోచన వస్తుంది. మర్నాడు పస్తు మరింత కఠినమవుతుంది. ఆ రాత్రి ఆబ కూడా అంతే. ఈ చక్రం తిరగడానికి వారం రోజులు చాలు.

విశాఖలో ఇంటర్ చదివే పిల్లల దినచర్య ఈ చక్రానికి ఎలా తోడ్పడుతుందో చూడాలి. మధురవాడ నుంచో గాజువాక నుంచో కాలేజీ బస్సు ఎక్కే పిల్లలు పొద్దున్నే లేచి, ఇడ్లీ నోట్లో పెట్టుకునే తీరిక లేక పరిగెడతారు. మధ్యాహ్నానికి క్యారేజీలో అన్నం చల్లబడి ముద్దవుతుంది. సగం తిని మూతపెట్టేస్తారు. సాయంత్రం స్టడీ అవర్స్, అక్కడి నుంచి ద్వారకానగర్‌లో కోచింగ్ ఉంటే మరో రెండు గంటలు. మధ్యలో బడ్డీ కొట్టు దగ్గర పునుగులో, పఫ్ఫో. ఇంటికి చేరేసరికి తొమ్మిదిన్నర, పది. అంటే రోజంతటికీ కావలసిన తిండిలో పెద్ద భాగం, అలసట, మార్కుల దిగులు, ఫోను అన్నీ కలిసి ఉన్న ఆ రాత్రి వేళకే వాయిదా పడుతుంది. ఎవరూ కావాలని డైటింగ్ చేయకపోయినా, ఈ టైంటేబుల్ డైటింగ్ చేసే పనే చేస్తుంది.

హాస్టళ్లలో ఇది మరో రూపంలో ఉంటుంది. శ్రీకాకుళం, విజయనగరం, అనకాపల్లి వైపు నుంచి వచ్చి నగర శివార్లలోని రెసిడెన్షియల్ కాలేజీల్లో ఉండే పిల్లలకు నెలకోసారి అవుటింగ్ రోజో, తల్లిదండ్రులు చూడటానికి వచ్చే ఆదివారమో ఉంటుంది. ఆ రోజు గేటు బయట చెట్ల నీడన దుప్పట్లు పరిచి, స్టీలు క్యారేజీలు విప్పి, కోడికూర, పులిహోర, గారెలు కొసరి కొసరి తినిపిస్తుంటే చూడముచ్చటగానే ఉంటుంది. అందులో తప్పు పట్టవలసిందేమీ లేదు. గమనించవలసింది ఆ సాయంత్రం తర్వాతి సంగతి. జంతికలు, సున్నుండల డబ్బాలు గదిలోకి తీసుకెళ్లనివ్వని చోట, లేదా తీసుకెళ్తే వార్డెన్ లాక్కుంటారన్న భయం ఉన్నచోట, నెల రోజులకని అమ్మ కట్టిచ్చినదాన్ని ఒకటి రెండు రాత్రుల్లోనే దుప్పటి కప్పుకుని తినేయడం పిల్లలకు అలవాటవుతుంది. దొరికినప్పుడే తినాలి, తొందరగా తినాలి, ఎవరికీ కనపడకుండా తినాలి అన్న మూడు పాఠాలూ ఒకేసారి వంటబడతాయి. హాస్టల్లో ఉన్న ప్రతి పిల్లకూ ఇది రుగ్మతగా మారదు. అప్పటికే కుంగుబాటో, శరీరం గురించిన సిగ్గో ఉన్న పిల్లకు మాత్రం ఈ ఏర్పాటు నిప్పుకు గాలిలా పనిచేస్తుంది. చిరుతిళ్ల మీద నిషేధం పెట్టే హాస్టళ్లు క్రమశిక్షణ అనుకుని చేస్తున్న పని, ఇలాంటి పిల్లల విషయంలో హాని అనే చెప్పాలి.

ఇంటి మాటలు మరో పెద్ద కారణం. తెలుగు ఇళ్లలో శరీరం గురించి మాట్లాడటానికి ఎవరికీ అనుమతి అక్కర్లేదు. ఎంవీపీ కాలనీలో ఉండే అత్తయ్య ఇంటికొస్తే గుమ్మంలోనే ‘ఏమే, ఇంత ఒళ్లు చేశావేంటే’ అంటుంది. పక్కింటావిడ ‘రేపు సంబంధాలు చూడాలి కదమ్మా’ అని తల్లిని హెచ్చరిస్తుంది. అన్నయ్య ముద్దుగానే ‘గున్న ఏనుగు’ అని పిలుస్తాడు. అన్నవాళ్లకు అది ప్రేమ, చనువు. విన్న పిల్లకు ఆ మాట రాత్రి దాకా చెవుల్లో ఉంటుంది. బరువు గురించి ఇంట్లోవాళ్లు, తోటివాళ్లు ఆటపట్టించిన పిల్లల్లో బింజ్ ఈటింగ్, కుంగుబాటు ఎక్కువని పైన చెప్పిన మిన్నెసోటా అధ్యయనం సహా అనేకం చూపాయి. బ్రిటన్‌లో జరిగి 1998లో ప్రచురితమైన మరో అధ్యయనం బింజ్ ఈటింగ్ ఉన్న మహిళల గతాన్ని ఆరా తీసినప్పుడు, చిన్నతనంలో శరీరం గురించీ తిండి గురించీ పదేపదే విన్న ఎత్తిపొడుపులు, తల్లిదండ్రుల కుంగుబాటు, బాల్యంలో ఎదురైన హింస ముఖ్యంగా కనిపించాయి. ఇదే ఇంట్లో మరో వైపు, అదే అత్తయ్య భోజనాల దగ్గర ‘ఇంకొంచెం వేసుకోవే, ఏం తిన్నావని’ అని బలవంతంగా వడ్డిస్తుంది. తింటే ఒక మాట, తినకపోతే ఒక మాట పడే పిల్ల నలుగురిలో తక్కువ తిని, ఒంటరిగా ఎక్కువ తినడం నేర్చుకుంటే ఆశ్చర్యం లేదు.

ఒళ్లు గురించిన అభిప్రాయాలు ఎంత త్వరగా మారగలవో పసిఫిక్ సముద్రంలోని ద్వీప దేశం ఫిజీ చెబుతుంది. నిండైన శరీరాన్ని గౌరవంగా చూసే ఆ సమాజంలో, నాద్రోగా ప్రాంతానికి 1995లో టెలివిజన్ వచ్చింది. హార్వర్డ్‌కు చెందిన ఆన్ బెకర్ అక్కడి బడి అమ్మాయిలను అప్పుడూ, మూడేళ్ల తర్వాతా పరిశీలించారు. బరువు తగ్గడానికి వాంతి చేసుకునేవారు 1995లో ఒక్కరూ లేకపోగా, 1998కి 11.3 శాతం మంది ఆ పని చేస్తున్నట్టు చెప్పారు. ‘బొద్దుగా ముద్దుగా’ అన్న మాటను మెచ్చుకోలుగా వాడిన సమాజం మనది కూడా. నేటి అమ్మాయి చేతిలో ఉన్నది గదిలో ఒక మూలనుండే టీవీ కాదు, రోజంతా తన ముఖాన్నీ నడుమునూ పక్కవారితో పోల్చి చూపించే ఫోను.

అబ్బాయిల సంగతి ఇంకా తక్కువగా బయటికి వస్తుంది. బరువు పెరుగుతామన్న భయంతో తిండి మానేసి చిక్కిపోయే అనొరెక్సియాలో అమ్మాయిలు, అబ్బాయిల మధ్య ఉన్నంత పెద్ద తేడా బింజ్ ఈటింగ్‌లో లేదు. బీచ్ రోడ్డు మీద పొద్దున్నే పరుగులు, సాయంత్రం జిమ్, ఆరు రోజులు ఉడికించిన కోడిగుడ్డు తెల్లసొన, ఉప్పూకారం లేని చికెన్, ఏడో రోజు ‘చీట్ డే’ పేరుతో ఫ్యామిలీ ప్యాక్ బిర్యానీ, పైన కూల్‌డ్రింకులు, ఐస్‌క్రీం: దీన్ని స్నేహితులు మగతనంగా మెచ్చుకుంటారు. కెనడాలో యువత మీద జరిగిన అధ్యయనంలో ఈ చీట్ మీల్స్ అలవాటుకూ తిండి రుగ్మతల లక్షణాలకూ సంబంధం కనిపించింది. వారానికొక రోజు ముందుగా అనుకుని తిన్నంత మాత్రాన రుగ్మత అనలేం. ఆ ఒక్క రోజు రెండు, మూడు రోజులై, ఆపలేకపోతున్నానన్న బాధ మొదలైతే, ఆ కుర్రాడు చెప్పుకోవడానికి మాటలు కూడా ఉండవు. తిండి రుగ్మత ఆడపిల్లల జబ్బన్న అభిప్రాయం అతని నోరు నొక్కేస్తుంది.

ఒకే ఇంట్లో, ఒకే తిండి తిని, ఒకే మాటలు పడిన అక్కచెల్లెళ్లలో ఒకరికే ఇది ఎందుకు వస్తుందన్న ప్రశ్నకు వంశపారంపర్యం కొంత జవాబిస్తుంది. కవలల మీద జరిగిన అధ్యయనాలు, బింజ్ ఈటింగ్ విషయంలో మనుషుల మధ్య తేడాల్లో దాదాపు సగం జన్యువులకు ఆపాదించవచ్చని అంచనా వేశాయి. తొందరపాటు స్వభావం, ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత నిలవకపోవడం, కుదురు లేకపోవడం ఉండే సమస్య), ఆందోళన, కుంగుబాటు ఉన్న పిల్లల్లో ముప్పు ఎక్కువ. బాధను మాటల్లో పెట్టలేని పిల్లకు తీపి, కారం, కరకరలాడేది ఏదైనా కాసేపు ఆ బాధను మరపిస్తుంది. ఆ కాసేపటి ఉపశమనమే అలవాటుగా స్థిరపడుతుంది. లైంగిక వేధింపులు, ఇంట్లో కొట్లాటలు, దగ్గరివారి మరణం వంటివి ఎదుర్కొన్న పిల్లల్లో ఇది మరింత ఎక్కువగా కనిపిస్తుంది. అందువల్ల ఒక పిల్ల తిండి ఒక్కసారిగా మారినప్పుడు, ‘ఎంత తింటున్నావు’ అన్న ప్రశ్నకంటే ‘ఈమధ్య ఏమైంది’ అన్న ప్రశ్నే ముందు రావాలి.

నిద్ర తక్కువైతే ఆకలి పెరుగుతుంది. పన్నెండు మంది ఆరోగ్యవంతులైన యువకులను రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చి చేసిన 2004 నాటి అధ్యయనంలో, కడుపు నిండిందని చెప్పే లెప్టిన్ హార్మోను 18 శాతం తగ్గి, ఆకలి పుట్టించే ఘ్రెలిన్ హార్మోను 28 శాతం పెరిగింది. జేఈఈ, నీట్, ఈఏపీసెట్ కోసం నెలల తరబడి ఐదు గంటల నిద్రతో నెట్టుకొచ్చే పిల్లల ఆకలి సంగతి దీన్నిబట్టి ఆలోచించుకోవచ్చు. దానికి తోడు చేతికందే తిండి రకం కూడా మారింది. అమెరికాలో కెవిన్ హాల్ బృందం 2019లో 20 మందికి రెండు వారాలు ఫ్యాక్టరీలో తయారైన అల్ట్రా ప్రాసెస్డ్ తిండి, రెండు వారాలు మామూలు వంట పెట్టి, ఎంత కావాలంటే అంత తినమన్నప్పుడు, మొదటి రకం మీద వారు రోజుకు సుమారు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు. ఆర్కే బీచ్‌లో నలుగురు స్నేహితులు పంచుకునే మురీ మిక్స్చర్ పొట్లానికీ, అర్ధరాత్రి డెలివరీ యాప్‌లో తెప్పించుకుని గదిలో ఒంటరిగా తినే బర్గర్, ఫ్రైస్ కాంబోకూ మధ్య ఉన్న తేడా రుచిలో మాత్రమే లేదు. రెండోదానికి తోడు లేదు, చూసేవారు లేరు, ‘ఇక చాలు’ అనే సందర్భం లేదు.

ఇది డబ్బున్న ఇళ్ల జబ్బని అనుకోవడం కూడా పొరపాటే. అమెరికాలోని శాన్ ఆంటోనియోలో ఉచిత ఆహార కేంద్రాలకు వచ్చేవారి మీద జరిగిన అధ్యయనంలో, ఇంట్లో తిండికి ఎంత కటకట ఉంటే బింజ్ ఈటింగ్ అంత ఎక్కువగా కనిపించింది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల చేపల వేట నిషేధం ఉన్నప్పుడు ఆదాయం పడిపోయే పెద జాలరిపేటలాంటి చోట్ల, డబ్బు చేతికొచ్చిన రోజు కడుపారా తిని, లేని రోజు సరిపెట్టుకునే పిల్లల విషయంలో బడి టీచర్లు, అంగన్‌వాడీ కార్యకర్తలు గుర్తుంచుకోదగ్గ సంగతి ఇది.

కార్తీక సోమవారాల ఉపవాసం, రంజాన్ రోజా, క్రైస్తవుల శ్రమకాల ఉపవాసం వంటివాటి గురించి కూడా ఒక మాట. భక్తితో, ఇంటిల్లిపాదితో చేసే ఉపవాసానికీ ఈ రుగ్మతకూ నేరుగా ముడిపెట్టలేం. అయితే ఇదివరకే తిండితో తంటా పడుతున్న పిల్ల వారానికి మూడు నాలుగు రోజులు కొత్తగా ఉపవాసాలు మొదలుపెడితే, దాన్ని భక్తిగా మెచ్చుకునే ముందు పెద్దలు కాస్త ఆరా తీయాలి.

వైద్యం దగ్గరికి వచ్చేసరికి ఒక చిక్కుంది. బింజ్ ఈటింగ్ ఉన్న పిల్లను ఇంట్లోవాళ్లు సాధారణంగా తీసుకెళ్లేది బరువు గురించే. నెలసరి గతి తప్పే హార్మోన్ల సమస్య పీసీఓడీ ఉన్న అమ్మాయిల్లో బింజ్ ఈటింగ్ ఎక్కువని అధ్యయనాలు చూపుతున్నా, చాలాసార్లు ఆ అమ్మాయికి అందే సలహా ‘బరువు తగ్గు, అన్నం మానెయ్’ అన్నదే. దాంతో పస్తు మళ్లీ మొదలవుతుంది, ఈసారి డాక్టరు చెప్పారన్న బలంతో. పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని ఏకాంతంగా, నింద లేని గొంతుతో, ‘తినడం మొదలుపెడితే ఆపలేకపోయిన సందర్భాలున్నాయా’ అని అడిగితే చాలాసార్లు నిజం బయటికి వస్తుంది. తల్లి ముందు అడిగితే రాదు.

చికిత్స విషయంలో, వైద్య మార్గదర్శకాలు రూపొందించే బ్రిటన్ సంస్థ నైస్ 2017లో ఇచ్చిన సూచనలు స్పష్టంగా ఉన్నాయి. ఆలోచనలనూ అలవాట్లనూ మార్చుకోవడం నేర్పే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ సూత్రాల మీద, నిపుణుల తోడ్పాటుతో ఎవరికి వారు నడుపుకునే స్వయం సహాయ కార్యక్రమం మొదటి మెట్టు. అది చాలకపోతే బృందంగానో విడిగానో ఆ థెరపీ. బరువు తగ్గించడం ఈ చికిత్స లక్ష్యం కాదని ముందే చెప్పమని కూడా ఆ మార్గదర్శకాలు అంటాయి. తల్లిదండ్రులకు మింగుడుపడని మాట ఇదే. థెరపీలో తొలి పని పస్తులు ఆపి, మూడు పూటలా తిండి, మధ్యలో రెండుసార్లు చిరుతిండి, మూడు నాలుగు గంటలకు మించని ఎడంతో అలవాటు చేయడం. ఇది ఇంట్లోనూ మొదలుపెట్టవచ్చు: పొద్దున టిఫిన్ తప్పనివ్వకుండా చూడటం, కోచింగ్‌కు వెళ్లే ముందు అటుకుల ఉప్మానో, ఉడికించిన సెనగలో, ఒక అరటిపండో పెట్టడం, రాత్రి ఒక్క పూటైనా ఫోన్లు పక్కనపెట్టి కలిసి కూర్చుని తినడం, ఆ భోజనంలో మార్కుల మాట, బరువు మాట రానివ్వకపోవడం. చిరుతిళ్ల అలమరకు తాళం వేయడం మాత్రం పనికిరాదు; తాళం పడ్డ రోజు నుంచి ఆ తిండి కొట్టు దగ్గరికో, స్నేహితుల గదికో మారుతుంది.

విశాఖలో చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల ఓపీలో మనోవైద్యులను సంప్రదించవచ్చు. ఆ గేటు దాటడానికి జంకే కుటుంబాలు 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఫోను చేసి, ఏ వేళలోనైనా ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు. తిన్న వెంటనే బాత్రూంకు వెళ్లి కుళాయి తిప్పి వదిలేయడం, సంచిలో విరేచనాల మాత్రలు కనిపించడం, బతకాలని లేదన్న మాట నోటివెంట రావడం, వీటిలో ఏ ఒక్కటి ఎదురైనా అపాయింట్‌మెంట్ కోసం వారం ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పదేపదే వాంతి చేసుకోవడం వల్ల రక్తంలో పొటాషియం పడిపోయి గుండె లయ తప్పే ప్రమాదం ఉంటుంది; పైకి బొద్దుగా, ఆరోగ్యంగా కనిపించే పిల్లకు కూడా ఆ ప్రమాదం అంతే ఉంటుంది.